గంగాళం ముందు రోజులు చాలడం లేదు: అటెలియర్ రోరోనాలో గడువును ఎలా లెక్కపెట్టుకోవాలి?

తొలిదినుసు (ప్రశ్న):

పోరాటం, అన్వేషణ ప్రధానంగా సాగే రోల్ ప్లేయింగ్ ఆటలను నేను చాలాకాలంగా ఆడుతున్నాను. అయితే ఒక రసవాద కార్యశాలను నడపడమే కథగా, అదే ఆటగా ఉన్నదాన్ని చేతిలోకి తీసుకోవడం ఇదే మొదటిసారి. అటెలియర్ రోరోనా అనే వీడియో గేమ్‌కు 2018లో వచ్చిన డీఎక్స్ కూర్పును కొని, ఒక వారంగా ఆడుతున్నాను. కథ తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను. ఆర్లాండ్ రాజ్యంలో ఆస్ట్రిడ్ అనే మహా సోమరి గురువుగారి కార్యశాలను మూసివేయాలని ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మూసివేత తప్పాలంటే మూడేళ్లలో 12 పనులను, ఒక్కొక్కదానికి మూడు నెలల గడువు చొప్పున, పూర్తిచేసి చూపాలి. ఆ గురువుగారు ఈ భారమంతా శిష్యురాలు రోరోనా నెత్తిన పెట్టి హాయిగా పడుకుంటుంది.

నా ఇబ్బంది ఏమిటంటే, మిగతా ఆటల్లో అలవాటైన పద్ధతిలోనే ఇక్కడా నడుచుకున్నాను. కొత్త ప్రాంతం తెరుచుకోగానే అక్కడికి వెళ్లి, మూలమూలనా వెతికి, కనిపించిన ప్రతి మొక్కనూ రాయినీ బుట్టలో వేసుకుని, ఎదురైన ప్రతి జంతువుతోనూ పోరాడి, ఆ తరువాతే ఇంటిముఖం పట్టాను. మొదటి రెండు పనులూ ఎలాగో గట్టెక్కాయి. మూడో పనికి వచ్చేసరికి, బుట్ట నిండుగా ఉన్నా రెసిపీకి కావలసిన ఒక్క దినుసు మాత్రం అందులో లేదని తేలింది. దానికోసం మళ్లీ ప్రయాణం కట్టి, తిరిగివచ్చి, నాలుగు రోజులు మిగిలి ఉండగా నాసిరకం సరుకు అప్పగించి, పని ఎంత బాగా చేశామో చూసి ఇచ్చే నక్షత్రాలలో ఒకే ఒక్కటి తెచ్చుకున్నాను.

నేను అడగదలచినవి మూడు. రోజులను ఎలా లెక్కవేసుకోవాలి? మంచి నాణ్యత గల దినుసులు వేసినా నేను కోరుకున్న గుణం తుది వస్తువులోకి రావడం లేదు, ఎందుకని? ఈ రెండూ నాకు పట్టుబడకపోతే, దీన్ని పక్కనపెట్టి గడువు లేని మరో అటెలియర్ ఆటతో మొదలుపెట్టడం మేలా?

పాతసీసా (జవాబు):

తొలిదినుసు గారూ, మీరు చేసిన పొరపాటు దాదాపు అందరూ చేసేదే. ముందు ఏరుకువచ్చి, ఆ తరువాత ఏమి తయారుచేయాలో ఆలోచించారు. ఈ ఆటలో ఆ వరుసను తిరగేయాలి. ప్రభుత్వం తరఫున వచ్చే యోధుడు స్టెర్క్ కొత్త పని చెప్పిన రోజునే, ఇల్లు కదలకముందే, రెసిపీల పట్టిక తెరిచి, అడిగిన వస్తువు దగ్గరినుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి. అడిగిన వస్తువు ఎన్ని కావాలి, దానికి ఏ మధ్యస్థ వస్తువులు కావాలి, వాటికి ఏ ముడిదినుసులు కావాలి, అవి ఏ ప్రాంతంలో దొరుకుతాయి, అక్కడికి వెళ్లిరావడానికి ఎన్ని రోజులు పడుతుంది అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం లేకుండా నేను ఇప్పటికీ గడప దాటను. నాకు ఇది మూడోసారి ఆడడం అయినా సరే.

మిగతా ఆటల్లో పోరాటం వల్ల పాత్ర బలపడుతుంది, ఆ బలంతో కథ ముందుకు సాగుతుంది. ఇక్కడ అసలు బలం రసవాదం జరిగే గంగాళంలోంచి వస్తుంది. బాంబులు, మందులు, ఆయుధాలకు వాడే లోహపు కడ్డీలు, కవచాలకు వాడే బట్ట, అన్నీ మీరు ఉడికించి తీయవలసినవే. కాబట్టి ఎదురైన ప్రతి పునీతోనూ (మెత్తటి ముద్దలాంటి చిన్న రాక్షసి) తలపడటం వల్ల మీకు దక్కేది స్వల్పం, మిగిలేది అలసట. రాక్షసులను కూడా దినుసులు మోసుకు తిరిగే సంచులుగా చూడండి. ఆ సంచిలో మీ కాగితం మీద ఉన్నదేదైనా ఉంటేనే దాని జోలికి వెళ్లండి.

రోజులు ప్రధానంగా ప్రయాణానికి, తయారీకి, అలసట తీర్చుకోవడానికి ఖర్చవుతాయి. వీటిలో మీరు బాగా ఆదా చేయగలిగినది ప్రయాణం. ఒకే దిక్కుకు రెండుసార్లు వెళ్లవలసి వచ్చిందంటే ప్రణాళికలో తప్పు జరిగిందని అర్థం. కోటలో పనిచేసే ఎస్టీ అనే ఉద్యోగిని దగ్గర దొరికే చిన్నచిన్న విన్నపాలను కూడా బయలుదేరేముందే చూసి, పెద్ద పనికి కావలసిన దినుసులతోనే తీరిపోయేవాటిని ఎంచుకోండి. ఒకే ప్రయాణంతో రెండు గడువులు తీరినప్పుడు కలిగే తృప్తి, ఏ పెద్ద రాక్షసుణ్ణి పడగొట్టినా నాకు కలగలేదు.

తయారీలో ఆదాకు ఒక కిటుకు ఉంది. న్యూట్రలైజర్ వంటి మధ్యస్థ వస్తువులు రకరకాల రెసిపీలలో పనికివస్తాయి కాబట్టి, పని ఇంకా మీద పడకముందే, ఖాళీ దొరికినప్పుడల్లా కొన్నింటిని చేసి కంటైనర్‌లో దాచుకోండి. కథ కొంత ముందుకు సాగాక ఆస్ట్రిడ్ సృష్టించి ఇచ్చే హోమ్ అనే సహాయక జీవి మీకు దొరుకుతుంది. దానికి తయారీగానీ, ఏరుకురావడంగానీ అప్పగించి మీరు మీ దారిన వెళ్లిపోవచ్చు. హోమ్‌ను ఖాళీగా ఉంచిన ప్రతి వారమూ మీరు పోగొట్టుకున్న వారమే. ఆర్లాండ్ రాజ్యంలో సాగే అటెలియర్ ఆటల్లో మీరు తయారుచేసిన వస్తువును దుకాణంలో నమోదు చేసి, ఆ తరువాత డబ్బు పెట్టి కొనుక్కునే వీలు కూడా ఉంది. దుబారాలా కనిపిస్తుంది గానీ, అక్కడ మీరు కొంటున్నది రోజులను. ఈ ఆటలో డబ్బు మళ్లీ సంపాదించుకోవచ్చు, మూడేళ్ల లెక్కలోంచి జారిన రోజును మాత్రం మరెక్కడా సంపాదించలేరు.

ఒక్క నక్షత్రం గురించి బెంగ వద్దు. పని పూర్తికాకపోతేనే కార్యశాల మూతపడుతుంది, పూర్తయితే కథ ఆగదు. ప్రతి పనీ మొదలయ్యే రోజున విడిగా ఒక సేవ్ ఉంచుకుంటే, ఎంత చెడినా మూడు నెలలకు మించి వెనక్కి వెళ్లవలసిన అవసరం రాదు. మూడేళ్లూ పూర్తయ్యాక మళ్లీ మొదటినుంచి ఆడేటప్పుడు డబ్బు, ధరించిన ఆయుధాలు, కవచాలు మీతోనే వస్తాయి. కాబట్టి మొదటి విడతను ఊరు తెలుసుకోవడానికి చేసిన ప్రయాణంగా భావించినా తప్పులేదు.

నెమలికన్ను (జవాబు):

పాతసీసా గారి లెక్క సరైనదే. అయినా మూడో ప్రశ్నకు ఆయన జవాబు చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మీకు కాగితం, కలం పట్టుకుని ఆటలు ఆడే ఓపిక లేకపోతే, నిస్సంకోచంగా అటెలియర్ రైజాకు మారిపోండి. 2019లో వచ్చిన ఆ ఆటలో క్యాలెండర్ మిమ్మల్ని తరమదు. కుర్కెన్ ద్వీపంలో రైజా అనే అల్లరి పిల్ల, స్నేహితులతో కలిసి తిరుగుతూ, రసవాదాన్ని నేర్చుకుంటూ పోతుంది. మీకు అలవాటైన మూలమూలనా వెతికే పద్ధతి అక్కడ తప్పు కాదు సరికదా, దానికి బహుమానం కూడా ఉంటుంది. ఒకే పొదను కర్రతో కొడితే ఒక దినుసు, కొడవలితో కోస్తే మరొకటి, గొడ్డలితో నరికితే ఇంకొకటి రాలే అవకాశం ఉంటుంది కాబట్టి, పాత ప్రాంతానికి కొత్త పనిముట్టుతో తిరిగి వెళ్లడానికి ఎప్పుడూ ఒక కారణం ఉంటుంది.

గంగాళం దగ్గర కూడా రైజా పద్ధతి కంటికి తేలికగా అందుతుంది. రెసిపీ ఒక వలయాల గొలుసులా కనిపిస్తుంది. ఒక్కో వలయం ఫలానా రకం దినుసును అడుగుతుంది. వేసిన దినుసుల్లో ఉన్న నిప్పు, మంచు, మెరుపు, గాలి విలువలు నిండేకొద్దీ ప్రభావాలు మేల్కొంటాయి, పక్క వలయాలు తెరుచుకుంటాయి. కొన్నిచోట్ల ఒక ప్రత్యేకమైన దినుసు వేస్తే రెసిపీయే మరో రెసిపీగా మారిపోతుంది. ఏది ఎందుకు జరిగిందో బొమ్మలోనే కనిపిస్తుంది కాబట్టి, రోరోనాలో మిమ్మల్ని వేధిస్తున్న రెండో ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఒకసారి బాగా కుదిరిన వస్తువును, పనికిరాని వస్తువులను కరిగించి కూడబెట్టిన రత్నాలు ఖర్చుపెట్టి నకలు కూడా చేసుకోవచ్చు.

గడువే ఈ వరుస ఆటల ప్రాణమన్నట్టు పాతకాలపు అభిమానులు మాట్లాడుతుంటారు. 1997లో వచ్చిన మొట్టమొదటి అటెలియర్ మారీకి ఐదేళ్ల గడువు ఉండేది నిజమే. అదే ఆటను 2023లో తిరిగి తయారుచేసినప్పుడు, గడువు లేకుండా ఆడే పద్ధతిని గస్ట్ సంస్థవారే స్వయంగా అందులో చేర్చారు. తయారుచేసినవారికే లేని పట్టుదల మనకెందుకు?

పాతసీసా:

నెమలికన్ను గారూ, పట్టుదల కాదు గానీ, చిన్న సవరణ. మారీ కథలో ఆ గడువు పైనుంచి తెచ్చి అతికించినది కాదు. అకాడమీలో అందరికంటే వెనుకబడిన విద్యార్థినికి టీచరు ఒక కార్యశాల అప్పగించి, ఐదేళ్లలో తనను మెప్పించే వస్తువు ఒకటి తయారుచేస్తేనే పట్టా అని చెబుతుంది. రోరోనా సంగతీ అంతే. మూసివేత గడువు తీసివేస్తే అక్కడ మిగిలేది కథ కాదు, దినుసుల జాబితా. రైజాకు గడువు లేకపోవడం నప్పింది, ఎందుకంటే అది వేసవి సెలవుల్లాంటి కథ. ఈ వరుసలో గడువు క్రమంగా మాయమైపోయిందని ఎవరైనా అనుకుంటే, అది కూడా పూర్తిగా సరికాదు. 2015 నాటి అటెలియర్ సోఫీలో గడువు తీసేసినవారే, 2016 నాటి అటెలియర్ ఫిరిస్‌లో పరీక్షకు ఒక ఏడాది గడువు మళ్లీ పెట్టారు. కథ అడిగినప్పుడు పెడుతున్నారు, అడగనప్పుడు మానుకుంటున్నారు.

చిటికెడు_ఉప్పు (జవాబు):

గడువు సంగతి మీరిద్దరూ తేల్చుకోండి. తొలిదినుసు గారి రెండో ప్రశ్న అలాగే మిగిలిపోయింది కాబట్టి నేను దాని దగ్గరికి వస్తాను. నా దృష్టిలో ఈ ఆటల అసలు రుచి అక్కడే ఉంది.

ఒక దినుసుకు నాణ్యత, గుణాలు అని రెండు వేర్వేరు విషయాలు ఉంటాయి. కొత్తవారు చాలామంది వీటిని ఒకటిగా భావిస్తారు. నాణ్యత అనేది ఒక అంకె. అది బాగుంటే తుది వస్తువు పనితనం మెరుగుపడుతుంది. గుణాలు మాత్రం పేరుతో సహా ఒక వస్తువులోంచి మరో వస్తువులోకి ప్రవహించేవి. ఒక ఆకు గొప్ప నాణ్యతతో ఉండి కూడా, దానికి మీరు కోరిన గుణం లేకపోవచ్చు. మరో ఆకు వాడిపోయినట్టు తక్కువ అంకెతో ఉండి కూడా, వెతుకుతున్న గుణాన్ని మోస్తూ ఉండవచ్చు. మీరు నాణ్యత ప్రకారం పేర్చి, పైనున్నవాటిని ఎత్తి గంగాళంలో వేస్తున్నారని నా అనుమానం. అలా చేస్తే, మీకు కావలసిన గుణం అడుగున పడి ఉన్న దినుసులోనే ఉండిపోతుంది.

రెండో సంగతి, రెసిపీని చదివే పద్ధతి. కొన్ని గళ్లు ఫలానా వస్తువే కావాలంటాయి. మరికొన్ని గళ్లు మొక్కలు, నీళ్లు, లోహం, బట్ట అన్నట్టుగా ఒక తరగతిని మాత్రమే అడుగుతాయి. తరగతిని అడిగే గడి కనిపిస్తే, అది గుణాలు లోపలికి రావడానికి తెరిచి ఉంచిన తలుపు అనుకోండి. ఉదాహరణకు, మీకు కావలసిన గుణం ఒక మొక్కకు మాత్రమే ఉందనుకుందాం. మీరు చేయదలచిన బాంబు రెసిపీలో మొక్కలకు చోటు లేదు, కానీ కాగితానికి చోటు ఉందనుకుందాం. కాగితం తయారీలో మొక్కలు వేయవచ్చు గనుక, ముందు ఆ మొక్కతో కాగితం చేసి, గుణాన్ని కాగితంలోకి దించి, ఆ కాగితాన్ని బాంబులో వాడాలి. దారి రెండు మెట్లే ఉంటే అదృష్టం. ఒక్కోసారి నాలుగైదు వస్తువుల మీదుగా తిప్పితేగానీ గుణం గమ్యం చేరదు.

ఇంకొంచెం ముందుకు వెళితే, ఈ దారి గుండ్రంగా తిరిగి మొదటి వస్తువు దగ్గరికే చేరుతుంది. మొదటి వస్తువు రెండోదాని తయారీలో పడుతుంది, రెండోది మూడోదానిలో, మూడోది మళ్లీ మొదటిదానిలో పడుతుంది. అటువంటి చుట్టు ఒకటి దొరికిందంటే, ప్రతి చుట్టులోనూ ఒక కొత్త గుణాన్ని చేర్చుకుంటూ, నాణ్యతను పెంచుకుంటూ పోవచ్చు. రైజాలో నాణ్యత 999 వరకు వెళుతుంది. అక్కడికి చేరడానికి నేను ఒక సాయంత్రమంతా ఒక్క అడుగు బయట పెట్టకుండా గంగాళం ముందే కూర్చున్న రోజులున్నాయి. రోరోనాలో మాత్రం ప్రతి చుట్టుకూ రోజులు ఖర్చవుతాయి కాబట్టి, ఎక్కడ ఆపాలో తెలియడమే అక్కడి నేర్పు. అందుకే ఒక పనికి సరిపడా నాణ్యత వచ్చాక చేతులు కట్టుకోమని సలహా ఇస్తాను.

నెమలికన్ను గారితో ఒక్కచోట విభేదిస్తున్నాను. రైజాలో దినుసులను దానంతట అదే ఎంచి వేసే బటన్ ఒకటుంది. కథ ముగించడానికి చాలావరకు ఆ బటన్ సరిపోతుంది. అయితే అది అలవాటైతే వలయాలు మీకు ఏమీ నేర్పవు. తొలిదినుసు గారు ఒకవేళ అటు వెళ్లినా ఆ బటన్‌ను కనీసం మొదటి పది గంటలు ముట్టుకోకూడదని నా మనవి. పద్ధతుల సంగతి వచ్చింది గనుక, సోఫీని కూడా ఒకసారి చూడమంటాను. అక్కడ ఒక్కో దినుసుకూ ఒక్కో ఆకారం ఉంటుంది. గళ్ల పలక మీద వాటిని ఖాళీలు మిగలకుండా అమర్చడమే తయారీ. సర్దుడు అంటే సరదా ఉన్నవారికి అంతకంటే మంచి గంగాళం మరొకటి లేదు.

అన్నట్టు, దారిలో పీపా కనిపిస్తే దాని ముందు నిలబడి ఒకసారి పరీక్షించి చూడండి. ఎందుకో చెప్పను. దానివల్ల ఏ లాభమూ లేదు, కానీ పీపాను పలకరించకుండా ముందుకు వెళ్లే అటెలియర్ అభిమాని ఉండరు.

తొలిదినుసు:

ముగ్గురికీ కృతజ్ఞతలు. మూడో పని మొదటిరోజు సేవ్ అదృష్టవశాత్తు నా దగ్గర మిగిలి ఉంది. అక్కడినుంచి మళ్లీ ఆడాను. కాగితం మీద లెక్క వేసుకుంటే, నేను వెళ్లిన నాలుగు ప్రయాణాలలో రెండు పూర్తిగా అనవసరమని తేలింది. ఈసారి ఒకే దిక్కుకు వెళ్లి, ఎస్టీ విన్నపాలలో రెండింటిని కూడా కలుపుకుని, దాదాపు ఒక నెల మిగిలి ఉండగానే సరుకు అప్పగించాను. చిటికెడు_ఉప్పు గారి అనుమానం నూటికి నూరుపాళ్లు నిజం. నేను నాణ్యత ప్రకారమే పేర్చి వేస్తున్నాను. గుణాల ప్రకారం చూసేసరికి, కంటైనర్‌లో అడుగున పడి ఉన్న ఊనీ అనే ఒక ముళ్ల కాయలో నాకు కావలసినది ఇన్నాళ్లుగా ఉన్నదని తెలిసి నవ్వొచ్చింది. పీపాను కూడా పలకరించాను. అర్థమైంది.

ఇప్పుడు దానికి పూర్తిగా వ్యతిరేకమైన ఇబ్బంది వచ్చింది. మిగిలిన ఆ నెల రోజులను ఏమి చేయాలో తెలియడం లేదు. నిద్రపోయి దాటవేయవచ్చా? మరొక మాట, గంగాళం ముందు కూర్చోవడం నాకు ఎంత నచ్చిందంటే, పోరాటాలు అడ్డంకిలా తోస్తున్నాయి. పోరాటమే లేని రసవాద ఆటలు ఏవైనా ఉన్నాయా?

పాతసీసా:

నిద్రపోవద్దు. ఆ మిగులు రోజుల కోసమే ఇంత లెక్కా వేసుకున్నది. రోరోనా ముగింపు ఒక్కటి కాదు. పనులు ఎంత బాగా చేశారన్నదాని మీదా, ఎవరితో ఎంత స్నేహం పెంచుకున్నారన్నదాని మీదా అది మారుతుంది. కోర్డీలియా, ఇక్సెల్ వంటి రోరోనా స్నేహితులు వ్యక్తిగతంగా అడిగే చిన్న వస్తువులను ఈ రోజుల్లోనే చేసి ఇవ్వండి. ఏరుకురావడానికి వెళ్లేటప్పుడు వారిని వెంట తీసుకువెళ్లండి. ఊళ్లో ఒకసారి తిరిగితే చాలు, పనుల హడావిడిలో మీ కంట పడని చిన్నచిన్న సంఘటనలు ఎన్నో ఎదురవుతాయి. ఇవన్నీ అయ్యాక కూడా రోజులు మిగిలితే, తరువాతి పనులకోసం న్యూట్రలైజర్లు ఉడికించి దాచుకోండి.

చిటికెడు_ఉప్పు:

పోరాటం లేనిది కావాలంటే పోషన్ క్రాఫ్ట్ చూడండి. 2021లో తొలి విడుదలగా వచ్చి, 2022 డిసెంబరులో పూర్తి రూపం పొందింది. రోల్ ప్లేయింగ్ ఛాయలు తక్కువ గానీ, గంగాళం మాత్రం చేతితో తాకుతున్నట్టే ఉంటుంది. అక్కడ రెసిపీ అంటే ఒక పటం మీద ప్రయాణం. ఒక్కో మూలికకూ తనదైన వంపుల దారి ఉంటుంది. దాన్ని రోటిలో ఎంత నూరితే ఆ దారి అంత పొడవు సాగుతుంది. నీళ్లు పోస్తే సీసా గుర్తు పటం మధ్యకు వెనక్కి వస్తుంది, కొలిమితిత్తి ఊదితే చేరిన చోటి ప్రభావం మందులోకి దిగుతుంది. తయారైన మందును గుమ్మంలోకి వచ్చినవారికి బేరమాడి అమ్ముకోవాలి. దూరపు లక్ష్యం పరుసవేదిని సాధించడం. పాత ఐరోపా రసవాదులు చెప్పుకున్న నలుపు, తెలుపు, పసుపు, ఎరుపు దశలను వాటి లాటిన్ పేర్లతోనే ఆ ఆట వాడుకున్నది.

అయితే రోరోనాను మధ్యలో వదిలి మాత్రం అటు వెళ్లకండి. మీకు ఇంకా తొమ్మిది పనులున్నాయి, హోమ్ ఖాళీగా కూర్చుని ఉంటుంది.

తొలిదినుసు:

నిజమే, చూసేసరికి ఖాళీగానే నిలబడి ఉంది. న్యూట్రలైజర్లు అప్పగించి, ఇక్సెల్‌ను వెంటబెట్టుకుని బయలుదేరుతున్నాను. కాగితం జేబులోనే ఉంది.